ఏడు గ్రాముల చెవుడు

రూలన్ టెబ్స్ మంచు మీద నడిచే మోటారు బండి ట్యూన్ చేసే ముందు, ఇంజిన్ చుట్లు చూపే దాని మీటరు మీద నల్ల టేపు అతికిస్తాడు. ఎవరి బండైనా సరే. ఎందుకని అడిగితే, "చెవులు లేనివాడికి మీటరు. నాకు రెండున్నాయి," అంటాడు. డెబ్భై ఒకటో ఏట కూడా అదే జవాబు.

బుధవారం పొద్దున బిషప్ హీబర్ క్రోన్ బండికీ అలాగే అతికించాడు. హార్స్‌షూ కనుమ మీద, తొమ్మిది వేల అడుగుల ఎత్తున, ఇద్దరూ మోకాలి లోతు మంచులో నిలబడ్డారు. హీబర్ క్రోన్ వారమంతా దాణా కొట్టు నడిపి, ఆదివారం చర్చి నడిపే మనిషి. నూట ముప్పై కిలోలుంటాడు. అడిగితే నూట పది అంటాడు. ఇంకే విషయంలోనూ అబద్ధమాడడు.

"నిజం చెప్పండి బిషప్ గారూ. మనిషి బరువు తెలియకపోతే క్లచ్ కుదరదు."

"నూట పదే బ్రదర్. బూట్లతో కలిపితే నూట పన్నెండు."

"అయితే మిగతాదంతా టోపీ బరువన్నమాట," అని రూలన్ నూట ముప్పైకే లెక్క వేసుకున్నాడు.

ఆ బండి కొన్నప్పటి బండి కాదు. సిలిండర్లు బోరు కొట్టించి పెద్దవి చేశారు. కింద తిరిగే రబ్బరు పట్టా జానెడు పొడుగైంది. పొగ గొట్టం మారింది. ఇంత చేసినా కొండ మీద గాలి పలచన, ఇంజిన్‌కు ఊపిరి చాలదు. కింద ఊళ్ళో ఎగిరెగిరి పడే బండి పైకి వచ్చేసరికి నీరసపడుతుంది. దాన్ని మళ్ళీ నిలబెట్టేది క్లచ్. గేర్లుండవు. రెండు కప్పీలు, వాటి మధ్య ఒక బెల్టు. ముందు కప్పీలో వేలెడేసి ఇనుప బరువులు మూడుంటాయి. ఇంజిన్ తిరిగేకొద్దీ అవి పైకి లేచి కప్పీని బెల్టు మీదికి నొక్కుతాయి. బరువు ఎక్కువైతే ఇంజిన్ కుంగిపోతుంది. తక్కువైతే ఊరికే అరుస్తుంది, బండి లాగదు. ఆ రెండింటి నడుమ, నిమిషానికి ఎనిమిది వేల రెండొందల చుట్ల దగ్గర, ఒక స్వరం ఉంది. నలభై ఏళ్ళుగా రూలన్ ఆ స్వరం పట్టుకుని బతుకుతున్నాడు. దానికోసం బరువుల్ని ఆకురాయితో తనే అరగదీస్తాడు. ఒక అంచు ఎక్కువ, ఒక అంచు తక్కువ. ఆ అరగదీత ఇంకెవరికీ చేతకాదు.

భార్య ఆర్డిత్ బతికున్నప్పుడు కనుమకు వెంట వచ్చేది. చేతిలో కోకో ఫ్లాస్కుతో కనుమ పేరు రాసిన బోర్డు గుంజకు ఆనుకుని నిలబడేది. చలిలో నీకెందుకు, ఇంట్లో పడి ఉండు అంటే వినేది కాదు. పని అయ్యాక ఒక కప్పు పోసి చేతికిచ్చేది. అంతకుముందు అడిగినా ఇచ్చేది కాదు. రెండేళ్ళ కిందట, శీతాకాలం మధ్యలో, గుండె ఆగి పోయింది. ఒక్క ముక్క ముందు చెప్పలేదు. ఆ విషయంలో రూలన్ ఆమెను క్షమించలేదు.

బిషప్ వాలు మీదికి బండి తోలి కిందికి వచ్చాడు.

"మొద్దుగా ఉంది," అన్నాడు రూలన్. బరువులు తీసి అరగదీశాడు. "మళ్ళీ పొండి."

బిషప్ మళ్ళీ పోయి వచ్చాడు. ఈసారి ఇంజిన్ అరుపుకు అవతలి లోయలో కాకులు లేచాయి.

"ఇంకా మొద్దే."

"ఇంకానా బ్రదర్?"

"చెవులు నావా, మీవా?"

మూడోసారి బండి కీచుమని అరిచింది. బిషప్ పళ్ళు బిగించి, భుజాలు చెవుల దాకా ఎగేసుకుని దిగాడు. రూలన్ ముఖం విప్పారింది.

"అదీ! అదీ స్వరమంటే!"

"అద్భుతం బ్రదర్," అన్నాడు బిషప్ బూట్ల వైపు చూస్తూ. ఎల్క్ దుప్పి మాంసం పొట్లం ఒకటి చేతిలో పెట్టి, బండిని ట్రైలర్ మీదికెక్కించి బయల్దేరాడు. రోడ్డెక్కగానే పికప్‌ను ఎడమకు తిప్పాడు. ఇల్లు కుడివైపు.

"అటెక్కడికి?" రూలన్ కేకేశాడు.

"ఎవరికో ఒంట్లో బాగాలేదట, పలకరించి వస్తా!"

ఈ చలికాలం పాత బరువులు పోయాయని చెప్పి, రూలన్ దగ్గర కొత్తవి వేయించి బండి ట్యూన్ చేయించుకున్న ప్రతివాడికీ ఎడమవైపు ఎవరికో ఒంట్లో బాగాలేదు. అటేదో అంటురోగం తిరుగుతున్నట్టుందని రూలన్ అనుకున్నాడు.

ఎడమవైపు నలభై మైళ్ళు పోతే బోయ్డ్ ఎస్కెల్‌సన్ షెడ్డు వస్తుంది. బోయ్డ్ మీటరు చూసి ట్యూన్ చేస్తాడు. జిల్లా సంతలో వందమంది ముందు, "చెవితో క్లచ్ ట్యూన్ చేయడమంటే వాసన చూసి పెళ్ళాం వయసు చెప్పడమే," అన్నాడు. అది జరిగి ఇరవై ఆరేళ్ళు. అప్పటినుంచి రూలన్ అతనితో మాట్లాడలేదు. అతని చెయ్యి పడిన పనిముట్టు కూడా ముట్టుకోడు. గుర్తుపట్టడం తేలికే. బోయ్డ్ తన చేతిమీదుగా పోయిన ప్రతి ఇనుప ముక్కకూ చిక్కుడుకాయ పచ్చ రంగు పూస్తాడు.

*

గురువారం లవోన్ వచ్చింది. ఆర్డిత్ చెల్లెలు. పోస్టాఫీసు నడుపుతుంది. అరవై రెండేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఎవరికీ భయపడదు.

"బావా, బెల్టు తెగింది. కొత్తది వెయ్యి. క్లచ్ జోలికి పోకు."

"బెల్టు తెగిందంటే క్లచ్ చూడాలిగా."

"అక్కర్లేదు. వయసైపోయి తెగింది. నువ్వింకా తెగలేదు, అంతే తేడా."

"గొణక్కుండా చెప్పు," అన్నాడు రూలన్. ఈ మధ్య ఊళ్ళో ఆడవాళ్ళంతా గొణగడం నేర్చారు.

చెప్పిన మాట వినే అలవాటు లేదు కాబట్టి క్లచ్ విప్పాడు. విప్పి, అలాగే నిలబడిపోయాడు. తర్వాత ఒక బరువు తీసి తూచాడు. డెబ్భై ఒక్క గ్రాములు. మంచు పడ్డ కొత్తలో అతను పెట్టింది అరవై నాలుగు.

"ఇదేంటి?"

"ఏది?"

"ఈ పచ్చ."

"నాచేమో."

"ఇనుము మీద నాచు పడుతుందా?"

"మా కొట్టంలో తేమ ఎక్కువ బావా."

"లవోన్."

"నన్నేమీ అడక్కు. ప్రభుత్వ ఉద్యోగిని. నోరు విప్పకూడదు."

రూలన్ కొత్త బెల్టు వేసి పంపించాడు. శుక్ర, శనివారాలు షెడ్డు తలుపు తెరవలేదు. ఆదివారం కోసం చూశాడు.

ఆదివారం ఊరంతా రెండు గంటలసేపు చర్చిలో ఉంటుంది. మంచాన పడ్డవాళ్ళు తప్ప అందరూ పోతారు. ఆర్డిత్‌ను పాతిపెట్టిన రోజు నుంచి రూలన్ మాత్రం పోవడం మానేశాడు. ఆ ఊళ్ళో ఎవరూ కొట్టాలకు తాళాలు వేయరు. రూలన్ ఒక పానా, ఒక ఖాళీ తేనె డబ్బా తీసుకుని మొదటి కొట్టంలో దూరాడు. కుక్క తోకాడించింది.

ఒక్కో క్లచ్‌కు ఎనిమిది నిమిషాలు. ప్రతి క్లచ్‌లోనూ చిక్కుడుకాయ పచ్చే. బరువులు మూడూ ఊడదీసి డబ్బాలో వేసి, కప్పీ మూత మళ్ళీ బిగించి, పక్కింటికి పోయాడు. పదకొండు బండ్లు అయ్యాయి. పన్నెండోది బిషప్‌ది, కొట్టంలో లేదు. బుధవారం ఎడమవైపు వదిలిన బండిని శనివారం పొద్దుపోయాక తెచ్చుకుని, ట్రైలర్ విప్పే ఓపిక లేక, దాంతోనే చర్చికి వచ్చేశాడు. బండి మీద నీలం పట్టా కప్పి, ఎవరికీ తెలియదనుకున్నాడు. లోపల ఆఖరి కీర్తన పాడుతుండగా రూలన్ ఆ పట్టా కింద దూరి మిగతా మూడూ ఊడదీశాడు.

జనం బయటికి వచ్చేసరికి ట్రైలర్ అంచు మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డబ్బా ఒకసారి ఊపాడు. అది ఏ శబ్దమో ఆ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"ముప్పై ఆరు," అన్నాడు. "పన్నెండు ఇళ్ళు."

అందరూ ఒకరి వెనక ఒకరు దాక్కోవాలని చూశారు. బిషప్ వెనక చోటుంది గాని, బిషప్‌కు దాక్కోవడానికి ఎవరూ లేరు.

"బ్రదర్ టెబ్స్, మీ మనసు నొప్పించడం ఇష్టంలేక..."

"రెండేళ్ళు! నా దగ్గర ట్యూన్ చేయించుకుని, అద్భుతమని తలూపి, మాంసం చేతిలో పెట్టి, అటు నుంచి అటే వాడి షెడ్డుకా! ఒంట్లో బాగాలేనిది ఎవరికి బిషప్ గారూ?"

"ఆ మాట... బండికి బాగాలేదు కదా అని..."

"సిస్టర్ ఆర్డిత్ పోయిన బాధలో ఉన్నారు," అంది వెనక నుంచి ఒకామె. "చెయ్యి కుదురుకోవడానికి టైం పడుతుందని అందరం..."

"బాధ నాకు. నా చేతికి కాదు."

"చెయ్యి బాగానే ఉంది బావా," అంది లవోన్ ముందుకొచ్చి. "చెవే పోయింది."

ఎవరో దగ్గారు.

"ఏమన్నావ్?"

"చూశావా, ఇదీ వినబడలేదు."

"వినబడింది. ఇంకోసారి అనే ధైర్యముందా అని అడుగుతున్నా."

"ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తా. ఎనిమిది వేల రెండొందలు వచ్చిందనిపించగానే చెయ్యెత్తు. ఊరంతా మీటరు చూస్తుంది. నువ్వు చూడకు."

బిషప్ చేతులడ్డం పెట్టాడు. ఆదివారం పూట, చర్చి ముంగిట్లో ఇంజినా? తర్వాత కాసేపు ఆలోచించాడు. పశువు గోతిలో పడితే ఆదివారమైనా పైకి తీయొచ్చని గ్రంథంలో ఉంది.

"ఆ పశువు మా బావే," అంది లవోన్. "కానివ్వండి."

రూలన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. లవోన్ ట్రైలర్ ఎక్కి ఇంజిన్ లేపింది. క్లచ్‌లో బరువులు లేవు కాబట్టి బండి కదలలేదు, ఇంజిన్ ఒక్కటే పైకి పోయింది. ఏడు వేలు. ఎనిమిది వేలు. ఎనిమిది వేల రెండొందల దగ్గర జనమంతా రూలన్ కుడిచెయ్యి వైపు చూశారు. చెయ్యి జేబులోనే ఉంది. ఎనిమిదిన్నర వేలు. ఒక చంటిబిడ్డ ఏడుపు అందుకుంది. ముసలమ్మ ఒకామె చెవులు మూసుకుని చర్చిలోకి వెళ్ళిపోయింది. తొమ్మిది వేలు. పైకప్పు అంచు నుంచి మంచు పెళ్ళ ఒకటి జారి బిషప్ భార్య టోపీ మీద పడింది. అప్పుడు రూలన్ చెయ్యెత్తాడు.

లవోన్ ఇంజిన్ ఆపింది. రూలన్ ఇటు తిరిగి, వచ్చి, మీటరు చూశాడు. ఆఖరి అంకె దాని మీద ఇంకా వెలుగుతోంది. తొమ్మిది వేల నూరు.

"మీటరు చెడిపోయింది."

"పన్నెండు బండ్ల మీటర్లూనా బావా?"

రూలన్ మీటరు అద్దం మీద గోటితో కొట్టి చూశాడు.

"అక్క కనుమకు ఎందుకొచ్చేదనుకున్నావ్? నీ ముఖం చూడ్డానికా? ఆఖరి తొమ్మిదేళ్ళూ ట్యూన్ చేసింది అక్క చెవి. స్వరం సరిపోయాకే కప్పు చేతికిచ్చేది. కప్పు అందితే నీకు పని అయిపోయినట్టు. అందకపోతే ఇంకేదో తేడా ఉందని నువ్వే గీకుతూ కూర్చునేవాడివి. నాకు చెప్పి నవ్వేది. మీ బావ కోకోకు ట్యూన్ అవుతాడే అనేది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రూలన్ డబ్బా తీసుకుని తన పికప్ ఎక్కాడు. అతను రోడ్డు మలుపు తిరిగాక గాని బిషప్‌కు స్పృహ రాలేదు.

"బరువులు!" అన్నాడు. "శనివారం స్టవ్‌పైప్!"

*

స్టవ్‌పైప్ కొండ పది వేల అడుగులు. ఏడాదికి ఒక శనివారం ఊరంతా బండ్లేసుకుని దాని మీదికి పోవడం ఆనవాయితీ. ఎవడి బండి ఎంతదాకా ఎక్కిందో మరుసటి చలికాలం వరకూ చెప్పుకుంటారు. బిషప్ పదకొండేళ్ళుగా సగంలో ఉన్న ఎండు పైన్ చెట్టు దగ్గర కూరుకుపోతున్నాడు. చెట్టుకు ఆయన పేరే పెట్టారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రూలన్ షెడ్డులో డబ్బా బోర్లించాడు. పచ్చ ముక్కల్ని బల్ల మీద కుప్ప పోశాడు. వాటిని కరిగించేద్దామని అతని ఉద్దేశం. ఒక ముక్క చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు పెట్టి, ఆగిపోయాడు. ఆ అంచు తనది. ఆ వంపు తన ఆకురాయిది. రంగు గీకాడు. ఇనుము కూడా తనదే. బోయ్డ్ కొత్త బరువులు పెట్టలేదు. ఇతను పెట్టిన బరువుకే చిల్లు పొడిచి, అందులో ఒక మర బిగించి, మీద రంగు పూశాడు. అంతే.

మర తీసి తూచాడు. ఏడు గ్రాములు. ఇంకోటి తీశాడు. ఏడు. పది తీశాడు. పదీ ఏడే. అరగదీతను ఎక్కడా ముట్టుకోలేదు. ముట్టుకోవడం చేతకాదు కూడా. అయిదే ఉన్న జతలు రెండు దొరికాయి. ఆ రెండూ కిందటి చలికాలం ట్యూన్ చేసిన బండ్లవి.

రూలన్ కాసేపు లెక్క వేశాడు. కిందటేడు అయిదు, ఈ ఏడు ఏడు. ఆస్పత్రిలో చెవి పరీక్షకు పోయే పని లేదు. బోయ్డ్ ఎస్కెల్‌సన్ అతని చెవుడును గ్రాముల్లో తూచి, రంగు వేసి, ఊరంతా పంచిపెట్టాడు.

కోపం తగ్గలేదు. ఎవరి మీదో తేలక ఇంకా పెరిగింది. బోయ్డ్ మీద, ఊరి మీద, లవోన్ మీద. అందరికంటే ఎక్కువగా ఆర్డిత్ మీద. నీకు వినబడటం లేదు అని ఒక్క మాట. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి. చెప్పి ఉంటే తిట్టేవాడు, వారంపాటు మాట్లాడేవాడు కాదు, తర్వాత నమ్మేవాడు. నమ్మేవాడు కాదేమో కూడా. అది ఆమెకు తెలుసు. తెలుసుకోవడమే తప్పన్నట్టు ఆ మధ్యాహ్నమంతా ఆమె మీద కోపంగానే ఉన్నాడు. ఆ కోపంలోనే ముప్పై ఆరు ముక్కల రంగూ గీకేశాడు.

సోమవారం బిషప్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో జున్ను వేసి కాల్చిన బంగాళాదుంపల పళ్ళెం ఉంది. ఆ ఊళ్ళో చావైనా, క్షమాపణ అయినా అదే వంటకం.

"బ్రదర్, ఎవరి బరువులు వాళ్ళకిచ్చేస్తే..."

"డబ్బా అక్కడుంది. ఎవరివేవో ఏరుకోండి."

బిషప్ డబ్బాలోకి తొంగిచూశాడు. ముప్పై ఆరు ముక్కలు, రంగు లేనివి, అచ్చం ఒక్కలాగే ఉన్నవి.

"ఇవి... ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

బిషప్ పళ్ళెం ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"శనివారం అందరూ స్టవ్‌పైప్ కిందికి బండ్లు తీసుకురండి," అన్నాడు రూలన్. "అక్కడే బిగిస్తా. ముందు మీది. నా ట్యూనింగు మీద మీ బండి కొండకొమ్ము దాటితే, ఇకమీదట ఈ ఊళ్ళో ఎవరూ ఎడమవైపు రోగుల్ని పలకరించడానికి పోకూడదు. దాటకపోతే అదే రోజు షెడ్డు మూసేస్తా. బోర్డు పీకేస్తా. సామాను ఎవడికి కావాలో వాడు పట్టుకుపోవచ్చు. పచ్చ రంగు డబ్బా వాడు కూడా."

"కొమ్ము దాటడమా? నేనా?" బిషప్ పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. "ఎవరైనా సన్నగా ఉన్నవాళ్ళని పెట్టుకుంటే బాగుంటుందేమో బ్రదర్."

"నూట పది కిలోలేగా. సన్నమే."

*

శనివారం ఎండ కాసింది, గాలి లేదు. పన్నెండు బండ్లు వరసగా నిలిపారు. రూలన్ డబ్బాలో చెయ్యి పెట్టి, చూడకుండానే, అంచులు తడిమి మూడేసి తీసి ఇచ్చాడు. "ఇది పాల కేంద్రం బండిది. ఇది నీది. ఇది లవోన్‌ది, నాచు పట్టింది." ఒక్కటీ తప్పలేదు. జనం కొంచెం నిటారుగా నిలబడ్డారు.

పికప్‌ల వరస చివర ఒక పచ్చ టోపీ కనిపించి మాయమైంది. దేనికైనా మంచిదని బిషప్ ముందు జాగ్రత్తగా బోయ్డ్‌ను కూడా రప్పించాడు. రూలన్ చూసి చూడనట్టున్నాడు.

బిషప్ బండిలో మరలు తీసేసిన ఉట్టి బరువులే బిగించాడు. మీటరు మీద టేపు అతికించాడు. బిషప్ కింది వాలు మీద ఒక చుట్టు తిరిగాడు. బండి కీచుమని అరిచింది. అదే అరుపు, పోయినవారం కనుమ మీదిది. ఊరంతా తలలు వంచుకుంది. ఒకాయన తన బండి ట్రైలర్ మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు.

"అదీ!" అన్నాడు రూలన్ గట్టిగా. "అదీ స్వరమంటే!"

ఎవరూ అద్భుతమనలేదు. బిషప్ కళ్ళు మూసుకుని పెదవులు కదిలించాడు.

"ప్రార్థన తర్వాత. దిగండి."

రూలన్ క్లచ్ మళ్ళీ విప్పాడు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో మూడు ఇత్తడి మరలు, తను లేతు మీద తిప్పి చేసినవి. ఒక్కోదాన్నీ ఒక్కో చిల్లులో బిగించాడు. అతనేం చేస్తున్నాడో ఊరంతటికీ తెలిసింది. ఒక్కరూ నోరెత్తలేదు. రెండేళ్ళుగా అతని ముఖం చూసి అబద్ధం చెప్పగలిగిన ఊరు అది.

"టేపు తీసెయ్యనా బావా?" అంది లవోన్ మెల్లగా.

"ముట్టుకోకు. పొండి బిషప్ గారూ. యాక్సిలరేటరు చివరిదాకా నొక్కండి. పైన్ చెట్టు దగ్గర భయమేసినా వదలొద్దు."

బండి కదిలింది. ఈసారి అరవలేదు. గొంతు తగ్గించుకుని, మంచును రెండు పక్కలా గోడల్లా చిమ్ముతూ పోయింది. రూలన్‌కు అందులో సగం కూడా వినబడలేదు. అతను చూస్తున్నది రబ్బరు పట్టా కింద లేచే మంచును. కుంగితే మంచు తగ్గుతుంది. జారితే చెల్లాచెదురవుతుంది. అది ఒకే ధారగా లేస్తోంది.

బండి పైన్ చెట్టు దగ్గరికి వచ్చింది. జనమంతా అలవాటు కొద్దీ "అయ్యో" అనడానికి నోళ్ళు తెరిచారు. చెట్టు వెనకబడింది. తెరిచిన నోళ్ళు అలాగే ఉండిపోయాయి. పైన కొండ ఇంకా నిట్టనిలువుగా లేచింది. బండి ముక్కు పైకెత్తి, ఒకసారి ఊగి, మళ్ళీ మంచు చిమ్మి, కొమ్ము అంచు దాటి అవతలికి పోయింది.

అందరూ ఒక్కసారే కేక పెట్టారు.

పచ్చ టోపీ పికప్‌ల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది. బోయ్డ్ కూడా ముసలివాడయ్యాడు. చేతిలో మరల పెట్టె ఉంది. ఇరవై ఆరేళ్ళ తర్వాత మొదటి మాట అతనే అన్నాడు.

"ఏడా?"

రూలన్ అతని వైపు తిరగలేదు. "ఆరున్నర."

"నేనెప్పుడూ ఏడే పెట్టానే."

"నువ్వు నీ షెడ్డు వెనక గుట్ట మీద చూసి పెట్టావు. ఇది పది వేల అడుగులు. గాలి తగ్గితే బరువు తగ్గించాలి. అది మీటరు చెప్పదు."

బోయ్డ్ కొండ వైపు చూశాడు. పెట్టె మూత మూశాడు. "వచ్చే ఏడాది ఎనిమిది కావాల్సి వస్తుందేమో," అన్నాడు.

"తొమ్మిది. లెక్క నాకూ తెలుసు. నువ్వు పో."

అతను పోలేదు. అక్కడే నిలబడ్డాడు. రూలన్ ఇంకోసారి పొమ్మనలేదు గాని, ఉండమని కూడా అనలేదు. ఈలోగా పాల కేంద్రం మనిషి తన బండి తోసుకుంటూ వచ్చాడు. వెనక ఇంకొకరు. ట్రైలర్ ఎక్కించినాయన మళ్ళీ దింపుకుని వచ్చి వరసలో చొరబడబోతే తిట్లు పడ్డాయి.

"బ్రదర్ టెబ్స్, నాక్కూడా ఆ ఇత్తడివి..."

"వరసలో రండి. మీటర్లకు టేపు అతికించుకుని రండి."

నాలుగో బండి క్లచ్ విప్పుతుండగా జనం పైకి చూపించారు. కొమ్ము అంచు మీద బిషప్ నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు. పదకొండేళ్ళలో ఆయన చెట్టు దాటి పోలేదు. అటువైపు ఏముంటుందో, ఎటు నుంచి దిగాలో ఆయనకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

రూలన్ చెవి పక్కన చెయ్యి పెట్టాడు. తర్వాత, చుట్టూ ఊరంతా ఉన్నా, లవోన్ వైపు తిరిగాడు.

"ఏమంటున్నాడు?"

ఇన్నేళ్ళలో వినబడలేదని అతను ఒకరిని అడగడం లవోన్ చూడటం అదే మొదటిసారి. ఆమె ఆటపట్టించలేదు. దగ్గరికొచ్చి, గొణక్కుండా చెప్పింది.

"దిగడమెలా అని అడుగుతున్నాడు బావా."

రూలన్ మరను ఆఖరి చుట్టు తిప్పి బిగించాడు.

"నా పని ఎక్కించడం వరకే అని చెప్పు."